అనుమతి లేని భయం

కమిషనర్ మేడమ్ తనిఖీకి వచ్చేలోగా పెదసింగవలస దివాణంలో చేయవలసిన పనులు ఇవి:

దెయ్యానికి కొత్త గుర్తింపు కార్డు తీయించాలి. పాత కార్డులో మొహం కనపడడం లేదు. చీకటి నడవాలో మాడిపోయిన ట్యూబులైట్లు మార్చాలి. "ముందు మలుపులో ఉలిక్కిపడు స్థలము కలదు" అన్న బోర్డు చుట్టూ రేడియం స్టిక్కరు అంటించాలి. గబ్బిలాల విషయమై అటవీ శాఖకు రాసిన ఉత్తరానికి జవాబు వచ్చిందేమో కనుక్కోవాలి. రాకపోతే రికార్డుల్లో వాటిని తాత్కాలికంగా పావురాలుగా చూపాలి. ఉన్న సాలెగూళ్ళు దులిపి, శాఖ సరఫరా చేసిన సాలెగూళ్ళు కట్టాలి. మెట్లు కిర్రుమనకుండా బాగుచేయించాలి, ఇది భద్రత. కిర్రుమనే శబ్దాన్ని స్పీకరులో పెట్టాలి, ఇది అనుభూతి. మేడమీద మూసి ఉన్న గది కిటికీ సంగతి తేల్చాలి.

ఈ కాగితాన్ని ఉప సంచాలకులు విరూపాక్షరావు గారు స్వయంగా చెప్పి రాయించారు. పైడిరాణి ఒక్కొక్క పనీ పూర్తిచేసి టిక్కు పెట్టుకుంటూ వచ్చి చివరిదాని దగ్గర ఆగిపోయింది. ఆ కిటికీ సంగతి ఆమెకు తేలదు. తేలకపోవడమే దాని సంగతి.

పైడిరాణి వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. తల్లి జీడిపిక్కల బట్టీలో పనిచేసి, అరచేతులు నల్లగా మాడ్చుకుని, కూతురిచేత ఎం.ఏ. చదివించింది. ఎం.ఏ.లో పైడిరాణి రాసిన చిన్న పరిశోధన పాడుబడ్డ భవంతుల కథల మీద. ఆ కథల్లో భయం ఎక్కణ్ణుంచి పుడుతుంది అన్నది విషయం. ఊళ్ళో ఎవరైనా "ఏటి సదివినావే గుంటా?" అని అడిగితే "సాహిత్యం" అని ఊరుకునేది. దెయ్యాల కొంపలు అంటే తల్లి పడ్డ కష్టానికి విలువుండదని భయం. తీరా చూస్తే ఉద్యోగం ఇప్పించింది ఆ దెయ్యాల కొంపలే.

ఎలాగంటే, వారసత్వ వినోదాల శాఖ ఆ ఏడాది "జిల్లాకో భయం" అనే పథకం పెట్టింది. ఎక్కడో జనం టిక్కెట్టు కొని మరీ భయపడుతున్నారని పైవారికి తెలిసింది. మన జనం మాత్రం తరతరాలుగా ఉచితంగా భయపడుతున్నారని, ఇది ప్రభుత్వానికి తీరని నష్టమని కూడా తెలిసింది. వెంటనే జిల్లాకొక పాత భవనాన్ని, ఈ జిల్లాకి పెదసింగవలస జమీందార్ల దివాణాన్ని, ఎంపిక చేసి, ఒక్కోదానికి ఒక దెయ్యాన్ని ఔట్‌సోర్సింగు మీద, ఒక భయ సహాయకుణ్ణి ఒప్పందం మీద మంజూరు చేశారు.

భయ సహాయకుల ఇంటర్వ్యూలో "భయమనగానేమి?" అని అడిగారు. పైడిరాణి, "తలుపవతల ఏముందో తెలియకపోవడం సార్. దాన్ని మూసింది మనవాళ్ళేనని తెలియడం" అంది. రెండో ముక్క ఎవరూ వినలేదు. మొదటి ముక్క క్లుప్తంగా ఉందని ఉద్యోగం ఇచ్చారు.

చేరిన రోజున ఆమె ముందుగా పలకరించింది గేటు దగ్గర పునుగులు వేసే రాములమ్మని. "ఏటమ్మా, ఈ దివాణంలో నిజంగా ఏదైనా ఉందేటి?" అని అడిగింది.

రాములమ్మ మూకుడులోంచి పునుగులు చిల్లుల గరిటెతో తీసి నూనె వడకట్టుకుంటూ చెప్పింది. "ఉందో లేదో నాకేటి తెలుస్తాది తల్లీ. మా తాత అమ్మమ్మ నాటి మాట. దివాణంలో అసిరమ్మని ఒకత్తి వంటింట్లో పనిసేసీది. పిండి దంచడం, అరిటాకులెయ్యడం, అందరూ తిన్నాక తినడం. ఓనాడు ఎండి పళ్ళెం కనబళ్ళేదని దాన్ని మేడమీద గదిలో ఎట్టి తాళం ఏసీసినారు. తెల్లారితే దివాణం అంతా తీర్థానికి ఎల్లిపోనారు."

"అయితే?"

"అయితే ఏటుంది? మరిసిపోనారు."

"మరిచిపోవడమేటి?" అంది పైడిరాణి.

"కోపవేటి లేదమ్మా ఆలకి. కొట్టలేదు, తిట్టలేదు. మరిసిపోనారంతే. పళ్ళెం ఆల సామాన్లోనే దొరికిందట, తీర్థంలో. అది దొరికినాక కూడా ఈవిడి గేపకం రాలేదు." రాములమ్మ మేడవైపు చూడకుండానే గరిటెతో చూపించింది. "అదిగో ఆ కిటికీయే. అందుకే ఆ కింద నుంచి ఎవులెల్లినా ఓ మాట అడిగీసి ఎల్తాం. 'తిన్నావా అసిరమ్మా?' అంటాం. అంతే. ఆగం."

"ఎందుకాగరు?"

"ఆగితే జవాబొస్తేనో?" అంది రాములమ్మ. మూకుడులో ఇంకో వాయి వేస్తూ, "రాకపోతేనో?" అంది.

ఆ సాయంత్రం పైడిరాణి ఇంటికి వెళ్తూ కిటికీ కిందకి రాగానే, ఎవరూ చూడడం లేదని నిర్ధారించుకుని, గొంతు తగ్గించి అడిగింది. అడిగి, ఎం.ఏ. చదివిన మనిషి పరుగెత్తకూడదు కనుక, వేగంగా నడిచింది. తాను రాసిన పరిశోధన అంతా ఆ నాలుగడుగుల్లో ఉందని ఆమెకు తోచింది.

మర్నాడే తన అభిప్రాయాన్ని విరూపాక్షరావు గారికి విన్నవించుకుంది. "సార్, ఇక్కడ మనం ఏమీ చేయనక్కర్లేదు. తలుపు మూసి ఉంచితే చాలు. సగం చెప్పి సగం ఆపితే చాలు. చూసినదానికన్నా చూడనిదానికే మనిషి ఎక్కువ భయపడతాడు."

విరూపాక్షరావు గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "అమ్మా, నీ భావన సముచితమే. కానీ శాఖాపరంగా చూసినప్పుడు, ఏమీ చేయకపోవడానికి బడ్జెట్ హెడ్ లేదు. పైగా నియమావళి చదివావా? 'సందర్శకుడు దేనికి, ఎక్కడ, ఎంతసేపు భయపడవలెనో ముందస్తుగా తెలియజేయవలెను.' పారదర్శకత లేని భయం ప్రజాస్వామ్యంలో చెల్లదు."

అలా మొదలైంది.

చీకటి నడవాలో ఎవరైనా కాలు జారితే బాధ్యులెవరని ఇంజనీరింగ్ విభాగం అడిగింది. ట్యూబులైట్లు వచ్చాయి. వెలుతురు ఎక్కువయ్యాక, ఇది చీకటి నడవా అని జనానికి తెలియడం లేదు కనుక "ఇది చీకటి నడవా" అన్న బోర్డు వచ్చింది. నేలమాళిగలో ఊపిరాడదని కిటికీలు కొట్టించారు. కిటికీలు పెట్టాక అది నేలమాళిగ ఎలా అవుతుందని ఆడిట్ వారు అభ్యంతరం చెప్పారు. దానిని "పూర్వపు నేలమాళిగ" అన్నారు.

దెయ్యంగా అప్పలసూరి వచ్చాడు. నాటకాల్లో స్త్రీపాత్రలు వేసి పేరు తెచ్చుకున్న మనిషి. తెల్లచీర కట్టి జుట్టు విరబోస్తే చూడముచ్చటగా ఉంటాడు. పని వేళలు పదింటి నుంచి అయిదింటి వరకు. మెడలో నీలం దారానికి గుర్తింపు కార్డు: పేరు, హోదా, రక్తం గ్రూపు. సందర్శకుల మీద పడరాదు, అరవరాదు, హఠాత్తుగా కనిపించరాదు. కనిపించే ముందు చిన్నగా దగ్గవలెను.

"ఇదేటి రాణమ్మా," అని అప్పలసూరి వాపోయేవాడు. "దగ్గి వస్తే దెయ్యం ఏటవుతాను? మావగారినవుతాను. నిన్నొక ముసలాయన 'బాబూ, దగ్గుకి మిరియాల కసాయం తాగు' అనీసి ఎల్లిపోనాడు. కళాకారుడికి ఇంతకన్నా సావేటి కావాల?"

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక తలుపు మీద "దెయ్యము భోజనమునకు వెళ్ళినది" అన్న అట్ట వేలాడేది. ఆ ఒక్క బోర్డు చూసినప్పుడు మాత్రం పైడిరాణికి ఒళ్ళు జలదరించేది. పైన కిటికీ అలాగే మూసి ఉండేది.

ఇక భయాన్ని కొలవాలి కదా. కరోనా నాటి పల్స్ యంత్రాలు పెట్టెలకొద్దీ మూలుగుతున్నాయని తెలిసి శాఖవారు తెప్పించారు. లోపలికి వెళ్ళేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి ప్రతి సందర్శకుడి వేలికీ తగిలించేవారు. నాడి పెరిగితే భయపడ్డట్టు లెక్క. అందరికీ తగ్గేది. నడవా చల్లగా ఉంది, బల్లలున్నాయి, ఎవరూ కసరరు. ఊళ్ళో రిటైరైన మేష్టార్లు దినపత్రికలు పట్టుకుని వచ్చి కునుకు తీసి పోయేవారు. ఒకాయన సలహాల పెట్టెలో "ప్రశాంతముగా ఉన్నది. రేడియో పెట్టిన బాగుండును" అని రాసి వేశాడు.

మూడో నెలలో పై నుంచి హెచ్చరిక వచ్చింది. పెదసింగవలస భయం రాష్ట్ర సగటు కంటే తక్కువ. తనిఖీలో ఉత్తీర్ణత సాధించనిచో దివాణాన్ని ఫంక్షన్ హాలుగా లీజుకిచ్చేస్తారు. లీజు కోసం ముందుగానే ఒక కాంట్రాక్టరు టేపు పట్టుకుని వచ్చాడు. కింద హాలు పెళ్ళిపీటలకి. మేడమీద మూసిన గది, గోడా కిటికీ కొట్టేసి కలిపేస్తే, బఫేకి.

"ఆ గదిలోనా?" అంది పైడిరాణి.

"గాలి బాగుంటాదమ్మా. మూడు వందల ప్లేట్లు అలవోకగా లేస్తాయి," అన్నాడాయన.

ఆ రాత్రి ఆమెకు అన్నం సహించలేదు. తల్లి "ఏటే, ఉద్యోగం ఊడిపోద్దనా?" అని అడిగింది. "అది కాదే," అంది. పోయేది కిటికీ. అది పోతే ఇక కింద నుంచి అడిగేవాళ్ళూ ఉండరు. ఒక మనిషిని ఒకసారి మరిచిపోయారు. ఇది రెండోసారి.

విరూపాక్షరావు గారికీ నిద్ర పట్టలేదేమో, మర్నాడు పొద్దున్నే వచ్చారు. గేటు దగ్గర నిలబడి ఉండగా ఒక రైతు సైకిలు మీద వెళ్తూ కిటికీ కింద "తిన్నావా అసిరమ్మా?" అని వేగం పెంచాడు. ఆయన పైడిరాణిని పిలిచి విషయమంతా విన్నారు. విని, నిలువునా కదిలిపోయారు. అయితే ఆయన కదిలిన వైపు వేరు.

"ఎన్నాళ్ళనుంచి అడుగుతున్నారు?"

"తాతల కాలం నుంచి సార్."

"ఒక్కసారైనా జవాబు ఇచ్చారా?"

"లేదు సార్."

"ఎంత అన్యాయం! పౌరుడు ప్రభుత్వ ఆవరణను ఉద్దేశించి ప్రశ్న వేస్తే, నిర్ణీత గడువులోగా సమాధానం ఇవ్వాలన్నది పౌరసేవా నిబంధన. ఈ దివాణం మన స్వాధీనంలోకి వచ్చిన నాటి నుంచి ఎన్ని ప్రశ్నలు పెండింగులో పడి ఉంటాయో ఆలోచించావా? నా మెడకి చుట్టుకుంటుందమ్మా ఇది."

"సార్, జవాబు లేకపోవడం వల్లే..."

"జవాబు లేకపోవడం వల్లే మనం ఫెయిలవుతున్నాం!"

వారం తిరక్కుండా కిటికీ చెక్క కింద ఒక స్పీకరు, ఒక సెన్సారు బిగించారు. కింద ఎవరైనా మాట్లాడితే చాలు, బస్టాండులో ప్రకటనలు చదివే అమ్మాయి గొంతు ఖణీమని పలికేది: "తిన్నాను. అడిగినందుకు ధన్యవాదములు. మీ ప్రయాణం సుఖప్రదమగు గాక."

మొదటిరోజు జనం గుమిగూడి నవ్వారు. పిల్లలు పదేపదే అడిగి పదేపదే జవాబు చెప్పించుకున్నారు. రెండోరోజు మేక అరిచినా జవాబు వచ్చింది. నాలుగో రోజుకి ఎవరూ అడగడం మానేశారు. తిన్న మనిషిని తిన్నావా అని ఎవరడుగుతారు?

రాములమ్మ ఆ పూట బుట్ట సర్దుకుంటూ పైడిరాణి వంక చూడలేదు. "పిన్నీ, కోపమా?" అంది పైడిరాణి.

"నాకేటి కోపం. తిన్నాదటగా." బుట్ట నెత్తికెత్తుకుంది. "ఎవులెట్టినారమ్మా? నీ ఆపీసరు ఎట్టినాడేటి? ఇన్నాళ్ళబట్టీ ఆకలితో ఉన్న మనిసిసేత తిన్నానని అబద్దం ఆడించీసినారు. ఆ దివాణపోళ్ళు తాళవే ఏసినారు. మీరు నోరు కూడా మూసీసినారు."

పైడిరాణి ఏడవలేదు. ఆమె అలవాటు అది కాదు. నియమావళి తీసి మొదటి పుట నుంచి చదవడం మొదలుపెట్టింది.

తనిఖీ రోజు వచ్చింది. ఎండ నిప్పులు చెరుగుతోంది. కమిషనర్ మేడమ్ కారు దిగి, పూలగుత్తి అందుకుని, వేలికి యంత్రం తగిలించుకున్నారు. విరూపాక్షరావు గారు ముందు నడిచారు, పైడిరాణి ఫైళ్ళు పట్టుకుని వెనక.

"ఇది చీకటి నడవా మేడమ్."

"బాగా వెలుతురుగా ఉంది."

"కృతజ్ఞతలు మేడమ్."

మలుపు దగ్గర అప్పలసూరి నిబంధన ప్రకారం దగ్గి, కనిపించి, కార్డు చూపించాడు. మేడమ్ అతని ప్రావిడెంట్ ఫండ్ గురించి వాకబు చేశారు. మెట్ల మీద స్పీకరు కిర్రుమంది; మేడమ్ ఆవలించారు. వేలి మీద అంకె దిగుతూ వచ్చింది. విరూపాక్షరావు గారి మొహం దానితో పాటే దిగుతూ వచ్చింది. గేటు బయట కాంట్రాక్టరు అప్పుడే టేపు విప్పుకుంటున్నాడు.

"చివరిగా మా ప్రత్యేక ఆకర్షణ మేడమ్," అంటూ ఆయన అందరినీ బయటి దారిలో కిటికీ వైపు నడిపించారు. "స్థానికుల చిరకాల సమస్యకి శాఖ చూపిన సాంకేతిక పరిష్కారం."

కిటికీ కిందకి చేరి ఆయన గొంతు సవరించుకునేలోగా రాములమ్మ అటుగా వచ్చింది. నెత్తిన ఖాళీ బుట్ట. ఆఫీసర్లని చూసి ఓ పక్కకి ఒదిగింది. దాటిపోతూ, అలవాటు చావని మనిషి కదా, నేల చూస్తూ అంది:

"తిన్నావా అసిరమ్మా?"

ఆగకుండా వెళ్ళిపోయింది.

అందరూ తలలెత్తి నిలబడ్డారు. స్పీకరు పలకలేదు. ఎండలో ఆ కిటికీ చెక్కలు తెల్లగా, పొడిగా, చాలా దగ్గరగా ఉన్నట్టు కనిపించాయి. కింది అంచున, లోపలివైపు నుంచి గీకినట్టు, సన్నటి చీలిక. అది ఎప్పటినుంచో ఉంది. ఎవరూ అంతసేపు నిలబడి చూడలేదు కనుక ఎవరికీ తెలియదు.

"ఆవిడ ఎవర్ని అడిగింది?" అన్నారు మేడమ్.

విరూపాక్షరావు గారు సెన్సారు వైపు చూసి పళ్ళు నూరుతున్నారు. పైడిరాణి చెప్పింది, ఉన్నదున్నట్టు, ఒక్క ముక్క కలపకుండా. వంటింట్లో పని, వెండి పళ్ళెం, తీర్థం. "కోపంతో కాదు మేడమ్. మరిచిపోయారు."

"మరి... జవాబు?"

"ఎవరూ ఆగి వినలేదు మేడమ్."

మేడమ్ "మనం ఆగి..." అని మొదలుపెట్టి, వాక్యం పూర్తిచేయలేదు. అటూ ఇటూ చూశారు. ఎవరూ కదలలేదు, ఆ తర్వాత అందరూ ఒక్కసారే కదిలారు. ఎవరూ పరుగెత్తలేదు, ప్రభుత్వోద్యోగులు కదా, వేగంగా నడిచారు. విరూపాక్షరావు గారు అందరికన్నా ముందున్నారు. మేడమ్ వేలి మీద యంత్రం కీచుకీచుమంటూ మొత్తుకుంటోంది.

కారు దగ్గర మేడమ్ ఫోను తీశారు. పైడిరాణి వినకూడదనే అనుకుంది గానీ వినబడింది.

"హలో... నేనే. మన నరసమ్మ భోంచేసిందా?... అదే, వంటావిడ... తెలీదంటే? అడుగు. ఇప్పుడే వెళ్ళి అడుగు. నేను లైన్లో ఉంటాను."

పాడుబడ్డ భవంతుల కథలు ఎందుకు భయపెడతాయో పైడిరాణి తన పరిశోధనలో అరవై పేజీలు రాసింది. అంతా ఈ ఒక్క ఫోను కాల్లో ఉంది. పరిశోధన మళ్ళీ రాయగలిగితే బాగుండుననుకుంది.

స్పీకరు ఎందుకు పలకలేదని ఆ సాయంత్రమే విచారణ. పైడిరాణి దాచలేదు. "నేనే ఆపేశాను సార్. భద్రతా పత్రం లేని ఏ పరికరాన్నీ తనిఖీ సమయంలో నడపరాదని నియమావళిలో ఉంది. మెట్ల స్పీకరుకి పత్రం ఉంది, కిటికీదానికి లేదు. ఇంజనీరు గారి సంతకం ఇంకా రాలేదు."

"ఆ నియమం ఎవరు చదవమన్నారు నిన్ను?"

"మీరే సార్. 'నియమావళి చదివావా?' అన్నారు."

ఫలితం పది రోజుల్లో వచ్చింది. పెదసింగవలస దివాణంలో రాష్ట్రంలోనే అత్యధిక భయం నమోదైనది. అయితే సదరు భయం ముందస్తు సూచన లేకుండా, పగటివేళ, దెయ్యము భాగస్వామ్యము లేకుండా, ఒక ప్రైవేటు వ్యక్తి ప్రశ్న మూలముగా కలిగినది. కనుక అది అనుమతి లేని భయము. అట్టి భయానికి మూలమేమో నిర్ధారణ కానందున ప్రజాభద్రత దృష్ట్యా ఆవరణను మూసివేయడమైనది. లీజు ప్రతిపాదన కూడా నిలిపివేయడమైనది. భయ సహాయకురాలి ఒప్పందం పొడిగించబడదు.

అప్పలసూరి చీర మడిచి పెట్టి, కార్డు అప్పగించి, "రాణమ్మా, నా బతుక్కి మంచి వేషం ఇదేనే. ఏం లాభం, అసలు దెయ్యం ముందు ఎవులం నిలబడగలం," అని నాటకాలకి వెళ్ళిపోయాడు. పైడిరాణి ఇప్పుడు పక్క మండలంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతోంది. జీతం సగం, కాకపోతే పిల్లలు వింటారు.

దివాణానికి శాఖవారు పెద్ద తాళం వేసి లక్కముద్ర వేశారు. తాళంచెవిని విరూపాక్షరావు గారు తన బల్ల సొరుగులో భద్రపరిచారు. తర్వాత ఆయనకు బదిలీ అయింది. బల్ల ఎక్కడికో పోయింది. దివాణం సంగతి ఇప్పుడు శాఖలో ఎవరికీ తెలియదు. అడిగితే రికార్డు చూడాలంటారు. తాళం వేశారు, మరిచిపోయారు. ఆ ఇంటికది కొత్త కాదు.

కిటికీ మాత్రం ఉంది. స్పీకరులో పిచ్చుకలు గూడు పెట్టాయి. సైకిలు మీద వెళ్ళేవాళ్ళు మళ్ళీ అడుగుతున్నారు.

మీరెప్పుడైనా ఆ దారిన వెళ్తే, టిక్కెట్టు అక్కర్లేదు, వేలికి యంత్రం అక్కర్లేదు. ఆ ఇంట్లో అందరికీ విస్తళ్ళు వేసి, అందరూ తిన్నాక తిన్న ఒక మనిషి ఉండేదని, ఆమె పేరు అసిరమ్మ అని గుర్తుంచుకోండి. కిటికీ కింద ఒక్కసారి అడగండి. అడిగి, ఆగకుండా నడవండి. ఇంటికి వెళ్ళాక మీ వంటింట్లోకి కూడా ఒకసారి తొంగిచూసి, అక్కడెవరైనా ఉంటే, వాళ్ళనీ అదే మాట అడగండి. అక్కడ మాత్రం జవాబు వచ్చేదాకా ఆగండి.